పెద్దోడు ఎక్కిన బండి

పాపకు ఎనిమిదో నెల వచ్చాక నా కాళ్లు ఊరుకోలేదు. హైస్కూల్లో పిల్లలకు ఆటలు నేర్పే టీచర్ని నేను. కడుపుతో ఉన్నానని తెలిసేదాకా రోజూ పొద్దున్నే ఉప్పుటేటి గట్టు మీద పరిగెత్తేదాన్ని. ప్రసవం సెలవు, దానికి కలిపి పెట్టుకున్న సెలవు కూడా అయిపోవచ్చాయి. ఒళ్లు మాత్రం ఇంకా నాది కాదన్నట్టే ఉంది. మా ఆయన రేవులో క్రేన్ నడుపుతాడు, ఆయన షిఫ్టులు ఆయనవి. మా అత్త తెల్లవారుతుండగానే పడవలు ఒడ్డుకు వచ్చే చోటికి పోయి చేపలు తెచ్చుకుని అమ్ముకోవాలి. పాపను వదిలిపెట్టి పరిగెత్తే వీలు లేదు కాబట్టి పాపను బండిలో పెట్టుకుని తోసుకుంటూ పరిగెత్తుదామనుకున్నాను. మెడ బాగా నిలబడింది, ఇక ఫర్వాలేదని డాక్టరమ్మ కూడా చెప్పింది.

మా అత్త నవ్వింది. ఉల్లిపాయలమ్మే తోపుడు బండిలో మనవరాలిని ఊరేగిస్తావా అని అడిగింది.

ముందు నెల్లూరు వెళ్లి ఒక షాపులో చూశాం. నాలుగు చిన్న చక్రాలు, ముందు వేలాడే బొమ్మలు, మెత్తటి సీటు. దీన్ని తోసుకుంటూ ఎంత దూరమైనా పరిగెత్తొచ్చని షాపతను చెప్పాడు. ఎవరు ఏం చెప్పినా నా చేత్తో చూస్తే తప్ప నమ్మను. అల్మరాల మధ్య సందులో నాలుగు అంగలు జోరుగా వేసేసరికి ముందు చక్రాలు పూనకం వచ్చినట్టు ఊగాయి. అక్కడే వదిలేసి వచ్చేశాను.

తర్వాత కరెంటు ప్లాంటు క్వార్టర్స్‌లో ఒక కుటుంబం బదిలీ మీద వెళ్లిపోతూ బండి ఇచ్చేస్తున్నారని తెలిసింది. అది మూడు చక్రాల బండి. చక్రాలు సైకిల్ చక్రాల్లా పెద్దవి, గాలి కొట్టేవి. ముందు చక్రాన్ని అటూ ఇటూ తిరగకుండా బిగించేస్తే బండి గీత గీసినట్టు తిన్నగా పోతుంది. పిడికి సైకిల్ బ్రేకు లాంటిది ఉంది. వెనక కాలితో నొక్కే బ్రేకు ఇంకొకటి ఉంది. పిడి మధ్యలో మాత్రం నల్లటి నాడా ముక్క ఒకటి వేలాడుతోంది. బండి చేజారిపోకుండా చేతికి తగిలించుకునే నాడా అట, వాళ్ల బాబు దాన్ని నోట్లో పెట్టుకుంటున్నాడని ఆవిడ కత్తెరతో కత్తిరించేసింది. ఇంకా పదిహేను రోజులు ఊళ్లోనే ఉంటాం, తోసి చూసి నచ్చితేనే ఉంచుకోండి అంది.

మా ఆయనకు ఆ తెగిన నాడా నచ్చలేదు. రేవులో నడుముకు తాడు లేకుండా మమ్మల్ని నిచ్చెన మెట్టు కూడా ఎక్కనియ్యరు, కొత్తది తెప్పిద్దాం అన్నాడు. నేను పరిగెత్తేది నేల మీద, నీ క్రేన్ మీద కాదు అని దెప్పాను. మంచి మాట ఆయన నోట వస్తే ఒప్పుకోవడం నాకు చేతకాదు.

అసలు పేచీ మా అత్తతో వచ్చింది. పాపను ఎక్కించే ముందు ఖాళీ బండి తోసి అలవాటు చేసుకుంటానన్నాను. ఆమె చేతిలో ఉన్న గంప కింద పెట్టేసింది. ఖాళీ ఉయ్యాల ఊపితే ఎంత తప్పో, బిడ్డ కోసం తెచ్చిన బండిని ఖాళీగా తోస్తే అంత తప్పట. పాపను ఉయ్యాల్లో వేసిన రోజు కూడా అంతే చేశారు. ముందు రుబ్బురోలు పొత్రాన్ని పాత చీరలో చుట్టి, ఉయ్యాల్లో పడుకోబెట్టి, మూడుసార్లు ఊపి, దాన్ని తీశాకే పాపను పడుకోబెట్టారు. మా అత్త వాళ్లింట్లో ఆ పొత్రాన్ని పెద్దోడు అంటారు. బిడ్డకు రాబోయేది ఏదైనా ఉంటే ముందు పెద్దోడికి వస్తుందని వాళ్ల నమ్మకం.

"పది దినాలు పెద్దోణ్ణి తిప్పు. పాపను నేను చూసుకుంటా, బేరానికి ఆలస్యంగా పోతాలే. వాణ్ణి మాత్రం బిడ్డను చూసినట్టే చూడాల, యాడా ఒంటిగా వదలబాక," అంది.

నాకు అది పనికొచ్చే మాటే అనిపించింది. బరువు లేని బండితో అలవాటు చేసుకుని లాభం లేదు. చేపలు తూచే కొక్కెం కాటాకు చీర జోలె కట్టి ముందు పాపను తూచాను. బిడ్డను తూయకూడదని మా అత్త ముల్లు వైపు చూడకుండా కళ్లు మూసుకుంది. తర్వాత పొత్రాన్ని తూచాను. కొంచెం తగ్గితే ఒక ఉప్పు ప్యాకెట్ చేర్చాను. ముల్లు సరిగ్గా పాప దగ్గర ఆగిన గీత మీదే ఆగింది. రెండింటినీ పాప బొంతలో చుట్టి, బండిలో కూర్చోబెట్టి, బెల్టులు పెట్టాను. మా అత్త పొత్రం నున్నటి వైపు కాటుక చుక్క పెట్టింది. మంచు పడకుండా, ఎవరి కళ్లూ పడకుండా బండి పైకప్పు మీద పాత చీర ముక్క లాగి కట్టింది.

మొదటి రోజు బాగా నవ్వుకున్నాను. ధనుర్మాసపు మంచు, దూరంగా పొగగొట్టాల మీద ఎర్ర దీపాలు, రాయిని తోసుకుంటూ పరిగెత్తే టీచరమ్మ. బండి తిన్నగా పోయింది. గతుకుల్లో కూడా ఊగలేదు. పడవలు పైకి లాగడానికి ఏట్లోకి దిగేలా వేసిన సిమెంటు వాలు దాకా వెళ్లి అక్కడ ఆగాను.

వాలు పక్కన ఒక ముసలాయన కూర్చుని వల బాగుచేసుకుంటాడు. మా అత్తకు వరసకు బాబాయి. బండి వైపు చూసి బిడ్డ నిద్రపోతుండాదా అని అడిగాడు. ఇది పొత్రం అని చెప్పడానికి సిగ్గేసింది. అవును, నిద్రపోతోంది అన్నాను. ఆయన వెంటనే గొంతు తగ్గించి మాట్లాడాడు. మర్నాడూ అదే అడిగాడు, నేనూ అదే చెప్పాను.

ఆ అబద్ధం ఆయనతో ఆగలేదు. నాలుగో రోజు గతుకు వస్తుంటే జాగ్రత్త నాన్నా అని నా నోటి నుంచి వచ్చింది. ఐదో రోజు పొత్రం కాస్త ఒరిగి బొంత ఒక పక్కకు జరిగింది. పాప తన్నినప్పుడు అచ్చం అలాగే జరుగుతుంది. ఆగి సర్దాను. సర్దిన చేత్తో రెండుసార్లు జోకొట్టాను కూడా. ఏడో రోజు గట్టు మీద ఎవరూ లేరు. మంచులో నీళ్లకూ నేలకూ తేడా తెలియడం లేదు. బండిలోంచి చిన్న మూలుగు లాంటిది వినపడింది. చక్రం ఇరుసు చప్పుడు అయి ఉంటుంది. కానీ ఆ చప్పుడుకు నా రొమ్ములు చేపుకొచ్చి జాకెట్ తడిసిపోయింది. రాయి కోసం పాలు వచ్చాయి. నా ఒంటికి కూడా తేడా తెలియడం లేదని ఆ రోజు భయం వేసింది. మా అత్తకు చెప్పలేదు. చెబితే బండి తిప్పి పంపేస్తుందని నా భయం.

పదో రోజు పొద్దున్న మా అత్త పాపకు నూనె రాసి, బొట్టు పెట్టి, ఇయ్యాల చిన్నదాన్నే ఎక్కించుకో అంది. పొత్రాన్ని తీసి గడప పక్కన పెట్టాను. బొంతలో పాపను చుట్టి బండిలో పెట్టాను, బెల్టులు పెట్టాను. పాప గుక్కపట్టి ఏడ్చింది. తీశాను, పాలిచ్చాను, మళ్లీ పెట్టాను. మళ్లీ ఏడ్చింది. రేపు చూద్దాంలే అని మా అత్త పాపను ఎత్తుకుని లోపలికి పోయింది. నేను అదే బొంతలో పొత్రాన్ని, ఉప్పునూ చుట్టి, బెల్టులు పెట్టి, చీర ముక్క కప్పి బయల్దేరాను.

ఇవన్నీ ఇప్పుడు వరసగా చెప్పగలుగుతున్నాను. ఆ రోజు అక్కడ చెప్పలేకపోయాను.

వాలు మొదట్లో ఆగాను. బూటు లేసు ఊడింది. చిన్నప్పటి నుంచి సైకిల్ బ్రేకుకు అలవాటైన చెయ్యి, చేతి బ్రేకు నొక్కితే బండి ఆగింది కదా అనుకుంది. ఆ బ్రేకు నొక్కినంతసేపే పట్టుకుంటుంది. కాలి బ్రేకు నేను వేయలేదు. పిడి వదిలి వంగి లేసు కట్టుకుంటున్నాను. ఆ వేళప్పుడు గాలి నేల మీది నుంచి సముద్రం వైపు కొడుతుంది. మా ఊళ్లో పడవలు వేటకు పోయేది ఆ గాలికే. పైకప్పు మీది చీర ముక్క ఆ గాలికి తెరచాపలా నిండింది. నేను తలెత్తేసరికి బండి వాలు మీద సగం దూరంలో ఉంది. చప్పుడు లేదు. ముందు చక్రం బిగించి ఉంది కదా, ఒక్క వంకర కూడా పోకుండా తిన్నగా పోతోంది.

అప్పుడు నేను పరిగెత్తిన పరుగు నా జన్మలో ఎప్పుడూ పరిగెత్తలేదు. పరిగెత్తుతూ, బండిలో ఉన్నది ఎవరా అని ఆలోచించాను. నాకు గుర్తు రాలేదు. బొంతలో పాపను చుట్టడం గుర్తొచ్చింది. బెల్టు పెడుతుంటే పాప గుప్పిట నా వేలు పట్టుకోవడం గుర్తొచ్చింది. తీయడం గుర్తు రాలేదు. పిడికి వేలాడే నాడా ముక్కకు నా వేళ్లు తగిలాయి. అది ఇంకో జానెడు ఉండి ఉంటే దొరికేది. బండి నీళ్లలోకి దిగి, చక్రాల్లో ఉన్న గాలికి ఒక్క క్షణం తేలి, ముందుకు వంగి మునిగింది.

నడుము లోతు నీళ్లలో ఉన్నాను. ఎవరో పక్కన దూకారు. వల ముసలాయన. ఆయన పైకప్పు పట్టుకుని లాగుతుంటే నేను నీళ్లలో బెల్టులు వెతికి విప్పి బొంతను గుండెకు ఎత్తుకున్నాను. అదే బరువు. చలికి చేతులు మొద్దుబారి మెత్తగా ఉందో గట్టిగా ఉందో తెలియడం లేదు. ఆయన నా ముఖం వైపు చూశాడు.

"ఏడవలేదేందమ్మా?" అన్నాడు.

బొంత విప్పడానికి నాకు ధైర్యం లేదు. ఆయనే విప్పాడు. కాటుక చుక్క చెదిరిపోయిన రాయి. ఉప్పు ప్యాకెట్ చిరిగి నీళ్లు కారుతున్నాయి. నేను ఆ రాయిని ముద్దు పెట్టుకున్నాను. ఇందులో సిగ్గుపడేది ఏమీ లేదని ఇప్పటికీ అనుకుంటాను. సిగ్గుపడేది ముసలాయన విషయంలో. నా అబద్ధాన్ని నమ్మి, ఆ వయసులో, ఆ చలిలో రాయి కోసం దూకాడు. వణుకుతూ వెళ్లి వల దగ్గర కూర్చున్నాడు.

బండిని నీళ్లలోనే వదిలేసి ఇంటికి పరిగెత్తాను. రాయిని మాత్రం వదల్లేదు. ఒంటరిగా వదలొద్దని మా అత్త చెప్పింది కదా. పాప గడప దగ్గర బోర్లా పడుకుని గరిటె నాకుతోంది. అది కళ్లారా చూశాక కూడా నా చేతులు కాసేపు పొత్రాన్ని వదిలిపెట్టలేదు. మా అత్త నన్నూ రాయినీ మార్చి మార్చి చూసింది. పొత్రాన్ని తీసుకుని, మంచినీళ్లతో కడిగి, తుడిచి, రోలు పక్కన గుడ్డ మీద పడుకోబెట్టింది.

"వాడి పని వాడు చేసినాడు. ఇంక వాణ్ణి అడగబాక," అంది.

నానిన బండిని కడిగి, ఆరబెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పి ఆ క్వార్టర్స్ ఆవిడకు తిరిగి ఇచ్చాను. ఆవిడ తెగిన నాడా ముక్కను చాలాసేపు పట్టుకుని చూసింది. కొత్త బండి మా ఆయన ఎంచాడు. దానికి నాడా ఉంది, గట్టిది, మణికట్టుకు బిగుతుగా పడుతుంది. ఆయన రెండు రోజులు దానికి బరువు కట్టి లాగి చూశాడు. ఈసారి నేను నోరెత్తలేదు. పైకప్పు మీద గుడ్డ కప్పనివ్వను. చిన్నగా ఆగినా కాలి బ్రేకు వేస్తాను. మా అత్త ఆ పొత్రంతో మళ్లీ పిండి రుబ్బలేదు. మా ఇంట్లో ఇప్పుడు ఇడ్లీ పిండి మిక్సీలోదే.

రోజూ పొద్దున్నే పాపను ఎక్కించి, బెల్టులు పెట్టి, నాడా చేతికి వేసుకుంటాను. గట్టు మొదట్లోకి వచ్చేసరికి పాప ఎప్పుడూ నిద్రపోతుంది. అక్కడ ఆగి బొంత తీసి, ముఖం చూసి, అరికాలు మీద చిన్నగా గిల్లుతాను. నిద్రపోయే బిడ్డను లేపే తల్లిని నిన్నొక్కదాన్నే చూసినాను అని మా అత్త రోజూ దెప్పుతుంది. పాప ఉలిక్కిపడి ఏడుస్తుంది. ఆ ఏడుపు విన్నాకే నేను మొదటి అంగ వేస్తాను.