పర్వతాలును చంపిన నవల

ఆలేరు స్టేషన్లో పార్సిల్ గుమాస్తా ఐలేశం డిటెక్టివ్ నవలలు రాసేవాడు. హత్యలు ఎన్నైనా పుట్టించేవాడు గానీ, మనుషులను పుట్టించడం చేతకాదు. బద్ధకమే అనండి, పేరు మార్చి స్నేహితులనే దించేసేవాడు. 1962లో అచ్చయిన నవలలో మొదటి పేజీలోనే శవమైన గొర్రెల కాపరి అచ్చం అతని చిన్ననాటి దోస్తు పర్వతాలే. అదే కుంటి నడక, అదే తెగిన చెవి.

పుస్తకం పర్వతాలు చేతికి చేరిందని విన్నప్పటి నుంచి ఐలేశానికి ముద్ద దిగలేదు.

మూడోనాడు పర్వతాలు పార్సిల్ ఆఫీసుకే వచ్చి అతణ్ని గట్టిగా కావలించుకున్నాడు.

"మొన్న నన్ను కాకి తన్నిందిరా. సచ్చిపోయిండని సుట్టాలకు అబద్దం కబురు పంపితెనే గండం పోతదన్నరు. ఎవ్వలను ఏడిపియ్యాల్నో అని ఫికర్ చేస్తున్న. నువ్వు ముందుగాలనే అచ్చేయించినవ్!"

ఐలేశానికి ప్రాణం లేచొచ్చింది.

"నన్ను ఎవలు చంపిన్రో ఇంక తెల్వలే. నాకు జల్ది చదువరాదు గద. మిగిలింది మా ఇంటామె గోపమ్మ చదువుతాంది" అన్నాడు పర్వతాలు.

ఐలేశం పార్సిల్ మూట మీదే కూలబడ్డాడు. చివరి పేజీలో సంకెళ్లు పడేది ఆ కాపరి పెళ్లానికి. ఆమెను గోపమ్మను చూసే రాశాడు, ఎడమచేతి వాటంతో సహా.