యేసుపాదం మాస్టారి చెరువు

యేసుపాదం మాస్టారు ఇక లేరన్న వార్త ఫోనులో విన్నాను. చెప్పింది ఆయన కుమార్తె శాంతి. విజయవాడలో ఒక ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తూ మరణాన్ని నిత్యం దగ్గరగా చూసే ఆ పిల్ల, ఆ రోజు మాట కూడదీసుకోలేకపోయింది. “మావయ్యా, నాన్న రెడ్డిగూడెం తోటల్లో బొమ్మ వేసుకుంటా పడిపోయారంట. ఆటోలో తీసుకొస్తంటే దార్లోనే...” అని ఆగిపోయింది. ముందురోజు సాయంత్రమే ఇద్దరం బస్టాండు దగ్గర టీ తాగాం. లేచేటప్పుడు, రేపు తోటల వైపు వెళ్తున్నానని, మామిడికొమ్మ మీద పాలపిట్ట కనిపిస్తోందని చెప్పారు. అంత మామూలుగా సెలవు తీసుకున్న మనిషి మళ్లీ కనిపించడన్న సంగతి ఇది రాస్తున్నప్పటికీ నా మనసుకు ఎక్కడం లేదు.

తిరువూరు ఉన్నత పాఠశాలలో నేను తెలుగు పండితుణ్ణి, ఆయన డ్రాయింగు మాస్టారు. నేను ముసల్మానును, ఆయన ప్రొటెస్టెంటు క్రైస్తవుడు. ఇద్దరం స్టాఫ్ రూములో పక్కపక్క కుర్చీల్లో కూర్చుని ఉద్యోగకాలమంతా గడిపాం. పదవీ విరమణ తరువాత కూడా ఆ సాన్నిహిత్యం సడలలేదు. ఈ ప్రాంతంలో ఆయన వద్ద కుంచె పట్టడం నేర్చుకున్నవారు ఎందరో ఉన్నారు. ఆయన చిత్రాలు గోడకు వేలాడుతున్న ఇళ్లూ తక్కువేమీ కాదు. కానీ ఆ చిత్రాల వెనుక ఆ మనిషి పడిన అంతర్మథనం తెలిసినవారు కొద్దిమందే. అందుకే ఈ నాలుగు మాటలు.

ఆయన దాదాపు జీవితమంతా జంతువులనూ, పక్షులనూ, కొండలనూ, చెరువులనూ మాత్రమే చిత్రించారు. పిల్లలు అందరిలాగే రెండు కొండలు గీసి, మధ్యలో ఉదయించే సూర్యుణ్ణి పెట్టి, పక్కన ఒక కొబ్బరిచెట్టు నిలబెట్టి తెచ్చేవారు. ఆయన ఆ కాగితాన్ని శ్రద్ధగా చూసి, “ఇదెక్కడుందిరా మనూళ్లో? పద, చూపించు” అనేవారు. తరువాత క్లాసునంతటినీ బడి వెనక ఖాళీస్థలంలోకి తీసుకెళ్లి తుమ్మచెట్టు ముందు కూర్చోబెట్టేవారు. తుమ్మముల్లు ఎటు తిరిగి ఉందో చూడమనేవారు. “చూడకుండా గీస్తే అబద్ధసాక్ష్యం. దేవుడు పాపం ఇంత ఓపిగ్గా చేసి పెడితే, మనం ఓ మాటు తలెత్తి చూడలేమా?” అన్న ఆయన మాట ఆయన శిష్యులందరికీ కంఠస్థం.

ఒకసారి ఊళ్లోని ఒక వ్యాపారి, కొత్త షాపులో పెట్టుకోవడానికి పరుగెత్తే ఏడు గుర్రాల బొమ్మ కావాలని ఇంటికి వచ్చాడు. మాస్టారు వినయంగా, “గుర్రం పరిగెత్తగా నేను సరిగా చూళ్లేదండీ. ముంగిసైతే బాగా వచ్చు. వేసిస్తాను, తీసుకెళ్లండి” అన్నారు. వ్యాపారి నవ్వాలో కోప్పడాలో తెలియక వెళ్లిపోయాడు. లోపలినుంచి ఆయన భార్య సువార్తమ్మ గారు, “ఆ గుర్రాలేవో వేసేస్తే మీ సొమ్మేం పోయింది?” అని విసుక్కుంటూనే నవ్వుకోవడం నాకు గుర్తు.

వారి ఇంట్లో నక్క, ఉడుము, అడవిపిల్లి, లకుముకిపిట్ట గోడలంతా పరుచుకుని ఉండేవి. క్రీస్తు చిత్రం మాత్రం ఒక్కటీ లేదు. స్నేహం ముదిరాక ఒకనాడు చనువుగా కారణం అడిగాను. “ఆయన్ని నేను చూళ్లేదు కదా ఖాదర్ గారూ! ఆయన చేతిపని చూశాను. చూసినంతవరకే నా సాక్ష్యం” అన్నారు. రూపం లేని పరమాత్మకు మోకరిల్లే నాకు ఆ సమాధానం ఎంత ఆత్మీయంగా తోచిందో చెప్పలేను. బొమ్మ మొదలుపెట్టే ముందు ఆయన చెప్పులు విడిచి, కళ్లు మూసుకుని, ఒక నిమిషం మౌనంగా నిలబడేవారు. ఎర్రటి ఎండలో, పల్లేరుకాయల మధ్య కూడా అంతే. ఆయనకు చిత్రలేఖనం ప్రార్థనకు ప్రత్యామ్నాయం కాదు, అదే ప్రార్థన.

ఆయన చర్చి సంఘంవారు తమ మందిరానికి కొత్తగా సున్నం వేయించినప్పుడు, వేదిక వెనుక గోడ మీద ఏదైనా చిత్రించమని కోరారు. గొర్రెపిల్లలతో కాపరిని వేస్తారని అందరూ అనుకున్నారు. మాస్టారు సువార్తమ్మ గారి పుట్టినూరి చెరువును ఎంచుకున్నారు. అది ఎ.కొండూరు వైపు ఒక చిన్న పల్లె. వేసవి సెలవులంతా ఆ చెరువు గట్టున కూర్చుని స్కెచ్చులు గీసుకుని వచ్చి గోడ మీదకు ఎక్కించారు. తెల్లవారుజామున లేచే పొగమంచు, నీటి మీద నత్తగుల్ల కొంగలు, తుంగలో దాగిన నీటికోళ్లు, దూరంగా నీలంగా కొండలు. ఆరాధనకు వచ్చినవారు పాటలు మరచి ఆ నీళ్లను చూస్తూ కూర్చునేవారు. “ఈ గోడ ముందు కూర్చుంటే నా ప్రసంగం అక్కర్లేదండి” అని పాస్టరు గారే అనడం విన్నాను. సువార్తమ్మ గారి ముఖంలో ఆ రోజుల్లో కనిపించిన వెలుగు చెప్పనలవి కాదు. తన ఊరి చెరువు దేవుడి ఇంట్లో నిండుగా ఉందని బంధువులందరికీ చెప్పుకునేది ఆ తల్లి.

ఆ వెలుగు ఎంతోకాలం నిలవలేదు. ఆమెకు కాళ్లవాపు మొదలైంది. నీరసమే అనుకున్నారు. పరీక్షలు చేసిన డాక్టర్లు మూత్రపిండాలు రెండూ దెబ్బతిన్నాయన్నారు. ఆమె పుట్టినూళ్లో అదే జబ్బుతో మంచాన పడ్డవారు ఇంకా ఉన్నారు. తాగేనీళ్ల వల్ల కావచ్చునని కొందరన్నారు, కాకపోవచ్చునని మరికొందరన్నారు. ఎవరూ తేల్చి చెప్పలేదు. డయాలసిస్ కోసం భార్యాభర్తలిద్దరూ విజయవాడ బస్సెక్కడం, సాయంత్రానికి ఆమె ఆయన భుజం మీద తల వాల్చి తిరిగి రావడం ఊరంతా చూసింది. ఆ రోజుల్లోనూ ఆయన సంచిలో రంగులుండేవి. ఆసుపత్రి కిటికీలోంచి కనిపించే పావురాలను ఆమె కోసం గీసేవారు. “నన్ను చూడ్డం మానేసి ఆ పావురాలేంటండీ” అని ఆమె అంటే, “నిన్ను చూస్తే చెయ్యి వణుకుతోంది, అందుకని” అన్నారట. ఈ మాట శాంతి చెప్పింది.

సువార్తమ్మ గారు పోయారు. ఆ తరువాత చాలాకాలం ఆయన కుంచె ముట్టలేదు. ఆదివారం మందిరానికి వెళ్లేవారు గానీ, తల ఎత్తి ఎదురుగా ఉన్న గోడను చూసేవారు కాదు. ఒకరోజు నన్ను వెంటబెట్టుకుని పాస్టరు గారింటికి వెళ్లి, “అయ్యగారూ, ఆ బొమ్మ మీద సున్నం కొట్టేస్తాను, అనుమతివ్వండి” అన్నారు.

పాస్టరు గారు నిర్ఘాంతపోయారు. “ఏంటి మాస్టారూ ఇది? అమ్మగారి జ్ఞాపకం కదా అది! సంఘం ఒప్పుకుంటుందా?”

“అది అబద్ధసాక్ష్యమండీ” అన్నారు మాస్టారు. అంతే చెప్పి, లేచి చెప్పులు వేసుకున్నారు.

దారిలో నాతో మాత్రం కారణం చెప్పారు. ఆ చెరువు గట్టున ఒక బోరింగు ఉంది. తుప్పు పట్టిన చేతిపంపు. చుట్టూ బురద, బిందెలు, వంతు కోసం నిలబడిన ఆడవాళ్లు. ఊరంతా తాగేది ఆ నీళ్లే. సువార్తమ్మ గారు పుట్టి పెరిగిందీ ఆ నీళ్లతోనే. “బొమ్మకి అడ్డంగా ఉందని దాన్ని తీసేశాను ఖాదర్ గారూ. కొంగల్ని ఈక ఈకా వేశాను. దాన్ని మాత్రం వదిలేశాను. దేవుడు చేసింది ఎంత అందంగా ఉందో చూడండని అందరికీ చూపించాను. మా ఆవిడ తాగిన నీళ్లు చూపించలా.” “కొంగల్ని అంత అందంగా చేసినవాడు ఆ నీళ్లనెందుకలా చేశాడండీ?” అని అడిగి, ఆగకుండా నడిచారు.

సంఘం సున్నానికి ఒప్పుకోలేదు. కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం, మందిరంలో ఎవరూ లేనప్పుడు ఆయన రంగుల డబ్బాలతో వెళ్లారు. ఆయన గోడను పాడుచేస్తారేమోనన్న భయంతో నేనూ వెళ్లాను. ఆయన చెప్పులు విడిచారు గానీ, కళ్లు మూసుకోలేదు. గట్టు మీద, కుడివైపు, బోరింగు వేశారు. దాని తుప్పు, దాని కింద పగిలిన సిమెంటు పలక, పారిన నీటి బురద, అన్నీ వేశారు. దాని దగ్గర వంగి బిందె నింపుకుంటున్న ఒక స్త్రీని వేశారు. అన్నేళ్ల కృషిలో ఆయన చిత్రించిన తొలి మనిషి ఆమె. ముఖం కనిపించదు. కానీ జారిన పైటను ఎడమచేత్తో సర్దుకునే ఆ తీరు చూడగానే ఎవరో నాకు తెలిసిపోయింది. వేసినంతసేపూ ఆయన కళ్ల వెంట నీరు కారుతూనే ఉంది. తుడుచుకోలేదు.

ఆదివారం ఆరాధనలో కలకలం రేగింది. సంఘ పెద్ద ఒకాయన లేచి, “ప్రశాంతంగా ఉండాల్సిన చోట ఈ బోరింగేంటండీ? చావుని తెచ్చి వేదిక మీద పెడతారా?” అని గద్దించాడు. సువార్తమ్మ గారి పుట్టినూరినుంచి వచ్చిన ఒక ముసలావిడ, ఆమెకూ అదే జబ్బు, గోడ పట్టుకుని మెల్లగా నిలబడింది. “మమ్మల్నెవరూ బొమ్మేయలేదయ్యా ఇప్పటిదాకా. ఉండనీయండి” అంది. ఆ పెద్ద కూర్చున్నాడు. పాస్టరు గారు ఆ రోజు ప్రసంగం చెప్పకుండా ప్రార్థన మాత్రం చేసి ముగించారు. ఇదంతా ఆ ముసలావిడే నాకు చెప్పింది. ఆ చిత్రం అలాగే ఉండిపోయింది. కొందరు మాత్రం ఆ తరువాత మాస్టారిని పలకరించడం మానేశారు.

ఆయనకు మనశ్శాంతి దొరికిందని రాయాలని నాకూ ఉంది. రాయలేను. మళ్లీ కుంచె పట్టారు, నిజమే. కానీ ఆ తరువాతి చిత్రాలు వేరు. పెనుగొలను దారిలో లారీ కింద పడిన అడవిపిల్లి. అడుగంటిన కుంటలో నోరు తెరుచుకున్న చేప, దాని మీద వాలబోతున్న కాకి. పేల్చి సగం మిగిల్చిన కొండ, దాని మీద దిక్కుతోచక నిలబడిన నక్క. ఒక్కొక్కటి చూస్తుంటే గుండె బరువెక్కేది. “ఇవి కూడా ప్రార్థనలేనా మాస్టారూ?” అని అడిగాను. “ఫిర్యాదులు” అన్నారు. కుంచె కడుక్కుంటూ, “ఫిర్యాదు కూడా ఆయనకే కదండీ చెప్పుకుంటాం. ఇంకెవరున్నారు వినడానికి?” అన్నారు. విశ్వాసం కోల్పోయినవాడి మాట కాదది. విశ్వాసం వల్లనే నిద్ర కోల్పోయినవాడి మాట. సుఖమిచ్చే భక్తిని చాలామందిలో చూశాను. ఇంత బాధిస్తున్నా చేయి విడవని భక్తిని ఆయనలోనే చూశాను.

చివరి సాయంత్రం టీ తాగుతూ ఒక సంగతి చెప్పారు. సంఘం పెరిగింది, పాత మందిరం చాలడం లేదు, దాన్ని పడగొట్టి పెద్దది కడతారట. గోడ కూడా పోతుంది. నేను ఆవేదనతో, పెద్దలతో మాట్లాడదాం, ఫొటోలైనా తీయిద్దాం అన్నాను. ఆయన గ్లాసు బల్ల మీద పెట్టి నిదానంగా అన్నారు: “గోడ పోతే పోనివ్వండి. మొన్న వాళ్లూరెళ్లాను. కుళాయిలు వేశారు గానీ, నీళ్లు రాని రోజున జనం మళ్లీ ఆ బోరింగు దగ్గరే నిలబడుతున్నారు. పడగొట్టాలంటే ముందు దాన్ని పడగొట్టమనండి.” అంతలోనే ముఖం కాస్త తేటపడి, రెడ్డిగూడెం తోటల్లోని పాలపిట్ట గురించి చెప్పడం మొదలుపెట్టారు. అది ఎగిరినప్పుడు రెక్కల్లో విచ్చుకునే నీలం తన దగ్గరున్న ఏ రంగుకూ అందడం లేదన్నారు. దుఃఖమూ, ఆ విస్మయమూ ఆయనలో పక్కపక్కనే ఎలా బతికాయో నాకు ఎన్నటికీ అర్థం కాదు.

భూస్థాపనకు ముందు ఆయన దేహాన్ని ఆ మందిరంలోనే ఉంచారు. నేను బెంచీల చివర కూర్చున్నాను. ఒకనాడు గద్దించిన సంఘ పెద్దే వచ్చి, శవపెట్టెను ఒక కొస పట్టి మోశాడు. సువార్తమ్మ గారి ఊరివాళ్లు ఆటోలు కట్టించుకుని వచ్చారు. ఆ ముసలావిడ వారిలో లేదు. ఎక్కడని అడిగాను. “పోయిందండి” అన్నారు, అంతే. మట్టి వేసి వస్తూ శాంతి నా చేయి పట్టుకుంది. “నాన్న అమ్మ దగ్గరికి వెళ్లారు మావయ్యా. ఇప్పుడన్నా ఆయనకి జవాబు దొరికుంటుంది” అంది.

ఆ బిడ్డ నమ్మకమే నిజం కావాలని నా ప్రభువును నా భాషలో వేడుకుంటున్నాను. సృష్టిని అంతగా ప్రేమించి, ఆ ప్రేమతోనే సృష్టికర్తను నిలదీసిన ఆ మహనీయుడికి ఇదే నా అశ్రునివాళి. ఆయన ప్రశ్నకు జవాబు ఆయన వెళ్లిన చోట ఉందేమో. మాకు మాత్రం, ఆ ప్రశ్నను తలవంచి, చెప్పులు విడిచి, అంత అందంగా అడగగల మనిషి ఈ ఊళ్లో ఇక లేరు.