మామయ్య పిడికిట్లో మిరప గింజలు

ఆ రోజుల్లో అబద్ధం చెప్పాలన్నా ఒళ్ళు వంచాల్సి వచ్చేది. ఇప్పుడంటే మంచం మీద పడుకుని బొటనవేలితో నొక్కితే చాలు, మీ అబద్ధం మూడు జిల్లాలు తిరిగొస్తుంది. అప్పుడలా కాదు. ఎర్రబస్సెక్కి ఖమ్మం పోవాలి, ప్రెస్సు వాడి ముందు స్టూలు మీద పూటంతా కూర్చోవాలి, అక్షరాలు ఏరి పేర్చేవాడికి చాయ్ తాగించాలి, ప్రూఫు దిద్దాలి, తడి ఆరేదాకా కాసుకుని, కట్ట నెత్తిన పెట్టుకుని ఊరు చేరాలి. అంత శ్రమపడి అచ్చు వేయించిన వాగ్దానాన్ని ఎవరైనా కొట్టేయమంటే కవి ప్రాణం ఎలా గిలగిలలాడుతుందో నాకు తెలుసు. ఎందుకంటే పెనుబల్లి దాటాక అడవి మొదలయ్యే చోట, మా మేనమామగారి ఊళ్ళో, ఒక సర్పంచి ఎన్నికను ఒంటిచేత్తో గెలిపించినవాణ్ణి నేనే. (ఒంటిచేత్తో అన్న మాటను ప్రస్తుతానికి అలాగే ఉండనివ్వండి. వీలు చూసుకుని నేనే సరిచేస్తాను.)

ఎనభైల మొదట్లో సంగతి. డిగ్రీలో ఇంగ్లీషు నన్ను రెండుసార్లు తిరగ్గొట్టడంతో మా నాన్న నన్ను మామయ్య ఇంటికి తోలేశాడు. మామయ్యా వాళ్ళు కృష్ణా వైపు నుంచి వచ్చి ఇక్కడ భూములు కొని మిరప వేస్తున్న కుటుంబం. మామయ్యకు రెండే పిచ్చులు: ఒకటి మిరప, రెండోది సర్పంచిగిరీ. మొదటిది బాగానే పండేది. రెండోదాన్ని కిందటి ఎన్నికలో సోడా బాబాయ్ ఎత్తుకుపోయాడు. సోడా బాబాయ్ అంటే మా బంధువేమీ కాదు, బస్సు ఆగేచోట గోలీసోడా కొట్టు నడిపే ఆయన. ఊరంతా బాబాయ్ అనేది. ఆ ఓటమి తర్వాత మామయ్య సోడా తాగడం మానేశాడు. తేనుపు రాక కడుపు పట్టుకుని తిరిగినా సరే, కొట్టు ముందు నుంచి నడవకుండా పొలాల గట్ల మీదుగా చుట్టుతిరిగి బస్సెక్కేవాడు. ఈసారి ఎన్నికలు రాగానే అత్తయ్యను పిలిచి, “ఇదే ఆఖరు. ఈసారీ ఓడితే భూములమ్మేసి మన ఊరెళ్ళిపోదాం. ఈ నేల మనల్ని తనవాళ్ళనుకోలేదనుకుంటా,” అన్నాడు. ఆ రోజు అత్తయ్య పప్పులో ఉప్పు వేయడం మరిచిపోయింది. సంగతి అంత ముదిరిందన్నమాట.

ఊళ్ళో ఓట్లు సగం సగం. తేల్చేది మా పంచాయతీలోనే ఉన్న కోయగూడెం. రెండు మైళ్ళు అడవిలోకి నడవాలి. ఆ గూడేన్ని గెలవడానికి నేను కలం పట్టాను. ఇరవై ఒక్క వాగ్దానాల కరపత్రం! కొత్తగూడెం నుంచి మా ఊరికి రైలు మార్గం, పంచదార ఫ్యాక్టరీ, ఆడపిల్లలకు కాలేజీ, వాగు మీద ఇనుప వంతెన, పోడు భూములకు పట్టాలు, సినిమా హాలు, పశువుల దవాఖానా... రాస్తుంటే నాకే కళ్ళు చెమర్చాయి. (ఇరవై ఒకటి కాదు, పదిహేడు. ఇరవై ఒకటికి గాంభీర్యం ఉంటుందని ఇన్నేళ్ళూ అలా చెప్పుకున్నాను.) మామయ్య చదివి, “రైలు మరీ ఎక్కువేమో రా అల్లుడూ,” అన్నాడు. “ఆశ పెద్దదైతేనే ఓటు పడుతుంది మామయ్యా,” అన్నాను, ఢిల్లీలో నలుగురు ప్రధానులను తయారుచేసి వచ్చినవాడిలా.

కరపత్రాలు గూడెం చేరిన నాలుగో రోజున ఒక కుర్రవాడు వచ్చి కబురు చెప్పాడు. “మా పెద్దాయన పంపిండు. కాగితం చదివిచ్చుకున్నరట. మంగళారం పొద్దుగాల రమ్మన్నడు. ఈ ఏడు మీరు నాటబోయే విత్తనం గుప్పెడు తెచ్చుకోవాల్నట. గది చేతిల పట్టుకొని ఒక్కొక్కటి చెప్పాల్నట.”

“విత్తనమెందుకయ్యా?” అన్నాడు మామయ్య.

“మా దగ్గర గంతే. విత్తనాల పండుగ నాడు తగాదాలు గూడ గిట్లనే తెంపుకుంటం. గింజ చేతిలుండంగ అబద్ధమాడితే గింజ మొలవదు.”

కుర్రవాడు వెళ్ళిపోయాడు. మామయ్య ముఖం చూడాలి మీరు! దేవుడి పటం ముందు ఒట్టేయమంటే అలవోకగా వేసేవాడు. కోర్టులో ప్రమాణం చేయించినా తొణికేవాడు కాదు. కానీ మిరప విత్తనం! కళ్ళంలో కాయలన్నీ ఆరబోసి, వాటిలో రాణుల్లాంటివి ఏరి, విడిగా ఎండబెట్టి, బూడిద కలిపి, కుండలో మూతి కట్టి దాచుకున్న గింజలవి. వాటి దగ్గర గట్టిగా తుమ్మినా ఆయన ఊరుకునేవాడు కాదు. అప్పుడు నేను, చిన్నవాణ్ణయినా, “మామయ్యా, భయమెందుకు? నిజమే చెప్పండి. నిజాన్ని మించిన రాజకీయం లేదు,” అని హితబోధ చేశాను.

మంగళవారం ఎండెక్కకముందే గూడెం చేరాం. వెదురు తడికల పందిరి కింద ఆడా మగా అంతా కూర్చున్నారు. పెద్దాయన మంచంకోడులా నిటారుగా ఉండే మనిషి. నేను ఆయన్ను తాతా అనేవాణ్ణి. నా కరపత్రం ఆయన చేతిలో నాలుగు మడతలుగా ఉంది. మామయ్య మూట విప్పి గింజలు కుడి పిడికిట్లోకి తీసుకున్నాడు. నా చేతికో పెన్సిలిచ్చారు.

“ఇగ చదువు పిలగా,” అన్నాడు తాత.

నేను గొంతు సవరించుకుని, “ఒకటి. కొత్తగూడెం నుంచి రైలు,” అని చదివాను.

తాత మామయ్య వంక తిరిగాడు. “తెస్తవా?”

మామయ్య పిడికిలి చూసుకున్నాడు. నన్ను చూశాడు. “రైలు నా చేతిలో లేదు పెద్దాయనా.”

“మరి ఏంటికి రాసినవ్?”

“మా మేనల్లుడు రాశాడు.”

పందిరి మొత్తం నా వైపు తిరిగింది. వెనకనుంచి ఒక ముసలావిడ, “అయ్యో, పోరడు రైలెక్కాల్ననుకుంటుండు, పోనీ పాపం,” అంది. అందరూ పగలబడి నవ్వారు. పెన్సిలుతో నా రైలును నేనే కొట్టేశాను.

ఆ తర్వాత పంచదార ఫ్యాక్టరీ కూలింది. కాలేజీ మూతపడింది. సినిమా హాలు దగ్గర ఇద్దరు పడుచువాళ్ళు మాత్రం, “గది ఉండనియ్యరాదే,” అని బతిమాలారు గానీ మామయ్య పిడికిలి సడలలేదు. ఎండ ముదురుతోంది, నా సాహిత్యం తరుగుతోంది. పోడు పట్టాల దగ్గరికి వచ్చేసరికి నవ్వులు ఆగిపోయాయి. నాకు తెలుసు, అక్కడ ఒక్క ‘అవును’ పడితే గూడెం మాదే. మామయ్యకూ తెలుసు. “సర్పంచికి ఆ అధికారం లేదయ్యా. అది పైవాళ్ళ చేతిలో ఉంది. కాగితం రాయించి మోసుకెళ్తాను, వాళ్ళ గుమ్మం ముందు నిలబడతాను. ఇస్తానని మాత్రం చెప్పలేను,” అన్నాడు.

తాత తలూపాడు. “ప్రతి ఎలచ్చన్ల ఒకడొచ్చి ఇస్తనంటడు. ఇయ్యలేనన్నోడివి నువ్వే మొదలు. సరే, గివన్ని లేవంటివి. మరి నీ చేతిల ఏమున్నదో గది చెప్పు.”

అంతే, మామా అల్లుళ్ళిద్దరం తెల్లముఖాలు వేశాం! సర్పంచి కావాలని ఐదేళ్ళు కలవరించిన ఆయనకూ, పదిహేడు వాగ్దానాలు రాసిన నాకూ, అసలు పంచాయతీ ఏం చేయాలో ఎప్పుడూ ఆలోచన రాలేదు. మామయ్య ఎడమచేతి వేళ్ళు మడుస్తూ కూడబలుక్కున్నాడు. “మీ బావి పూడిక తీయించగలను. వానలకు ముందే. చేలో పడ్డ పశువుల్ని కట్టేసే బందెలదొడ్డి తాళం ఎవరి దగ్గర ఉండాలో చెప్పగలను. పుట్టిన పిల్లల పేర్లు ఇక్కడికే వచ్చి రాయించుకునే ఏర్పాటు చేయగలను. ఈ బాటలో మూడు గోతులున్నాయి, అవి పూడ్పించగలను.”

“గంతేనా? సర్కారంటే గింత చిన్నదా?” అన్నాడు తాత.

“నా చేతిలో ఉన్నది ఇంతే.”

“మరి గంతన్న చేస్తవా?”

“చేస్తాను,” అన్నాడు మామయ్య. ఆయన అంత చిన్న గొంతుతో మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

అంతటితో అయిపోయిందనుకుని నేను లేవబోయాను. తాత చేయి ఎత్తాడు. “కాగితంల లేనిదొకటి అడగాలె. పోయినేడు మా జొన్నచేను మేసిన ఎడ్లు ఎవరియి?”

ఆ నింద సోడా బాబాయ్ బండి ఎడ్ల మీద పడింది. వాటినే బందెలదొడ్డిలో కట్టేశారు. కట్టేయించింది మామయ్య. మేసింది మామయ్య ఎడ్లు. ఈ సంగతి మా ఇంట్లో ముగ్గురికే తెలుసు. మామయ్య నుదుటి చెమట పిడికిటితోనే తుడుచుకుని, “నావే,” అన్నాడు. అంటూనే ఆయన కళ్ళలోంచి ధారలు! ముక్కు ఎర్రబడింది, గొంతు పూడింది. ఆడవాళ్ళు, “అయ్యో, ఏడ్వకు అయ్యా, జొన్నలే గదా,” అని ఓదార్చారు. ఒకావిడ చెంబుతో నీళ్ళు తెచ్చింది. అది పశ్చాత్తాపం కాదనీ, చెమటకు తడిసిన మిరప గింజల ఘాటు కళ్ళలో పడిందనీ నాకు తెలుసు. నోరు మూసుకున్నాను. (దారిలో ఆయన కళ్ళు కడుక్కున్నాక కూడా మైలు దూరం ముక్కు చీదుతూనే ఉన్నాడు. అది ఏ ఘాటో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.)

ఇల్లు చేరగానే మామయ్య, “పెట్టె సర్దుకోవే,” అన్నాడు అత్తయ్యతో. “సోడా బాబాయ్ ఎడ్లు నిర్దోషులని నా నోటితో నేనే చెప్పి వచ్చాను. ఇక గూడెం వాడిదే.” అత్తయ్య, “ఐదేళ్ళకు ఒక నిజం చెప్పారు. అన్నం తిని సర్దుకుందాం లెండి,” అంది.

కొట్టేసిన కరపత్రాలు పట్టుకుని మర్నాడు ఊళ్ళో తిరగడం నా వంతైంది. ఉన్నవన్నిట్లోనూ నేనే పెన్సిలుతో కొట్టేశాను. చూపుడు వేలు బొబ్బలెక్కింది. మంగలాయన కాగితం తిప్పి చూసి, “ఏందయ్యా, రైలు రద్దయిందా?” అన్నాడు.

“అవును, రద్దయింది,” అన్నాను.

“గట్లెట్ల? టేసన్ కాడ కొట్టు పెడదామని మా బామ్మర్దికి చెప్పిన గదా!”

ఇక సోడా బాబాయ్ ఊరుకుంటాడా? గురువారం నాడు ఆయనా గూడెం వెళ్ళాడు. పిడికిలి బిగించి, ఇరవై ఆరు వాగ్దానాలు గడగడా ఒప్పజెప్పాడు. రైలు రెండు మార్గాల్లో తెస్తానన్నాడు. అంతా విని తాత, “ఏం గింజలు తెచ్చినవ్?” అని చెయ్యి చాపాడట. పొలమే లేని సోడా బాబాయ్ తన కొట్టు డబ్బాలోంచి పల్లీలు పట్టుకెళ్ళాడు. తాత ఒకటి తీసి నోట్లో వేసుకుని నెమ్మదిగా నమిలి, “నీ విత్తనాలు మస్తుగున్నయ్ బాబాయ్. మంచిగ వేగినయ్. ఉప్పు గూడ పడ్డది,” అన్నాడట. మిగతా పల్లీలు పిల్లలు పంచుకుని తినేశారు.

ఈ వేపిన పల్లీల ఉపాయం పన్ని సోడా బాబాయ్‌ను బోల్తా కొట్టించింది నేనేనని నలభై ఏళ్ళుగా పెళ్ళిళ్ళలోనూ బస్సుల్లోనూ చెప్పుకుంటూ వచ్చాను. ఇప్పుడు నిజం చెబుతాను. ఉపాయం నాదే. కానీ అది మామయ్య కోసం. కబురు వచ్చిన రోజు నేను చేసిన హితబోధ ఇందాక చెప్పినది కాదు. “మామయ్యా, గింజల్ని పెనం మీద కాస్త వేయిద్దాం. మొలవని గింజకు శాపమేమిటి?” అన్నాను. ఆయన ఒక్క క్షణం వంటింటి వైపు చూసిన మాట వాస్తవం. అత్తయ్య గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడి, “విత్తనాన్ని పెనం మీద వేస్తే ఆ వేడి పెనం నీ వీపు మీద పెడతా,” అంది నాతో. మంగళవారం నా రైలు పోయాక, ఆ దుఃఖం ఆపుకోలేక, సాయంత్రం సోడా కొట్టులో కూర్చుని, “నా మాట విని వేయించుకుని ఉంటే మా మామయ్యకు ఈ గతి పట్టేదా?” అని వాపోయాను. సోడా బాబాయ్ నాకు రెండో సోడా ఊరికే కొట్టాడు. మంచివాడనుకున్నాను.

మామయ్య బ్రహ్మాండమైన మెజారిటీతో గెలిచాడు. (తొమ్మిది ఓట్లు.) ఆ ఏడు మిరప నారు పచ్చటి తివాచీలా మొలిచింది. తర్వాత సగం చేను తెగులుకు పోయింది. నిజం గింజను మొలిపిస్తుందేమో గానీ తెగులు బాధ్యత తీసుకోదని అప్పుడు అర్థమైంది. పట్టాల కాగితం పట్టుకుని మామయ్య ఆఫీసుల గుమ్మాల్లో నిలబడ్డాడు, చాలాసార్లు. పట్టాలు రాలేదు. నిలబడతానన్నాడు, నిలబడ్డాడు.

బావి మాత్రం గెలిచిన వారం తిరక్కుండానే మొదలుపెట్టాడు. గూడెం మగవాళ్ళు నలుగురితో పాటు లుంగీ ఎగ్గట్టి తనూ దిగాడు. నన్నూ దింపాడు. “వాగ్దానం రాసినవాడు తట్ట మోయాలిరా,” అన్నాడు. నల్లటి బురద, కుళ్ళిన ఆకులు, ఎప్పుడో పడిపోయిన చేద, ఒక చెప్పు. మధ్యలో ఆయాసం తీర్చుకుంటూ నేను పైకి చూసి, “తాతా, అబద్ధమాడితే గింజ నిజంగా మొలవదా?” అని అరిచాను.

గట్టు మీద నుంచి తాత తొంగిచూశాడు. “మాకేం ఎరుక? గిప్పటిదాక ఎవ్వరూ ఆడలే. మీ మామ ఆడుతడేమో, చూద్దామనుకున్నం.”

“మరి ఎడ్లు?”

“గవి మీయే అని అప్పుడే ఎరుక. సోడాయన ఎడ్లకు నాడాలుంటయ్ పిలగా. చేన్ల నాడా గుర్తు ఒక్కటి లేదు.”

మామయ్య తట్టెడు బురద నా నెత్తిన పెట్టి, ఏమీ విననట్టు గునపం అందుకున్నాడు. మూడో రోజు మధ్యాహ్నం కాలి కింద చల్లగా ఏదో కదిలింది. “ఊట!” అని బావి మొత్తం మోగేలా కేక వేశాను. (మొదట చూసింది మామయ్య. కేక మాత్రం నాదే.) నీళ్ళు పాదాలు దాటాయి, పిక్కలు దాటాయి. పైన ఆడవాళ్ళు చేదలు పట్టుకుని అప్పుడే గొడవ మొదలుపెట్టారు, ముందు ఎవరు తోడాలని. మామయ్య నన్ను చూసి నవ్వాడు, ముఖమంతా బురదతో. ఆ తర్వాత నేను చాలా ప్రభుత్వాలను చూశాను, కొన్నిటిని తిట్టాను, ఒకదానిలో గుమాస్తాగా ఉద్యోగం కూడా వెలగబెట్టాను. సర్కారు ఎంతుండాలి, ఏం చేయాలి అని ఈ మధ్య మా మనవళ్ళు టీవీ ముందు వాదులాడుకుంటుంటే, ఈ నొప్పుల మోకాళ్ళకు నూనె రుద్దుకుంటూ కూర్చుంటాను. నాకు తెలిసిన సర్కారు ఒక మధ్యాహ్నం సరిగ్గా ఇక్కడి దాకా వచ్చింది. చల్లగా ఉంది.