ఇస్త్రీ బల్ల దగ్గర ఇన్సాఫ్

ఈజిప్టులోని మహల్లా పట్టణంలో, మా చొక్కాల ఫ్యాక్టరీలో ఇన్సాఫ్ ఎవరి ముందూ గొంతు తగ్గించేది కాదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆవిరి ఇస్త్రీపెట్టె పట్టుకుని నిలబడే పని మాది. కొన్నేళ్లకు ఆమె పిక్కల మీద నరాలు మెలికలు తిరిగి ఉబ్బాయి. మడమ పైన చర్మం నల్లబడింది.

ఎత్తు స్టూలు కావాలని అడిగితే సూపర్‌వైజర్ రిఫాత్ నవ్వాడు.

"కాళ్ల మీద నైలు నది గీయించుకొచ్చావేంటి? ఒళ్లు తగ్గించు, అదే ఎండిపోద్ది."

"నైలు ఎండిపోతే నువ్వేం తాగుతావయ్యా?"

అందరం నవ్వాం. స్టూలు మాత్రం రాలేదు.

సెలవు పెట్టి, నన్ను తోడు తీసుకుని పక్కనున్న టాంటా పట్టణంలో ఆసుపత్రికి వెళ్లింది. డాక్టర్ నెర్మీన్ ఆమెను పడుకోబెట్టకుండా చిన్న మెట్టు మీద నిలబెట్టింది. తొడకు చల్లటి జెల్ రాసి, స్కాన్ యంత్రపు పిడి ఆనించి, పిక్కను గట్టిగా నొక్కింది. తెర మీద నీలం రంగు పైకి ఎగిసింది. చెయ్యి వదలగానే ఎరుపు కిందికి దిగసాగింది. ఎంతకీ ఆగలేదు.

"నీలం గుండెకు వెళ్లే రక్తం. ఎరుపు వెనక్కి జారేది. దాన్ని ఆపాల్సిన నరాల్లోని కవాటాలు మూసుకోవట్లేదమ్మా."

"నా లావు వల్లేనా డాక్టరమ్మా?"

"అదొక్కటే కాదు. గంటలకొద్దీ కదలకుండా నిలబడితే ముదురుతుంది. పాడైన నరాన్ని వేడితో లోపలే మూసేస్తాం. కానీ మళ్లీ అలాగే నిలబడితే ఇంకోటి ఉబ్బొచ్చు."

తిరుగు బస్సులో ఇన్సాఫ్ కళ్లు తుడుచుకుంది. గొంతులో మాత్రం కోపమే.

"ఇన్నాళ్లూ నా ఒంటినే తిట్టుకున్నానే!"

చికిత్స అయ్యాక బిగుతు మేజోళ్లు తొడుక్కుని, ఇంట్లోని స్టూలు చంకన పెట్టుకుని పనికొచ్చింది. రిఫాత్ దాన్ని బయటికి విసిరాడు. ఆమె వెళ్లి తెచ్చుకుంది. మళ్లీ విసిరితే మళ్లీ తెచ్చి, ఇస్త్రీపెట్టె ఆపేసి కూర్చుంది.

"లే! లేకపోతే ఉద్యోగం ఊడుద్ది."

"ఊడనీ. నీ కోసం నా కాళ్లు మళ్లీ పాడు చేసుకోను."

నేనూ నా పెట్టె ఆపేశాను. నా వెనక ఒక్కొక్కటే ఆగాయి. ఆవిరి బుసలు లేని ఆ గదిని మేమెప్పుడూ వినలేదు. చొక్కాలు ఓడరేవుకు వెళ్లాల్సిన రోజది. మధ్యాహ్నానికల్లా మేనేజరే కిందికి దిగొచ్చాడు.

ఆ వారంలోనే అందరికీ స్టూళ్లొచ్చాయి. కక్ష కొద్దీ ఇన్సాఫ్‌ను మాత్రం గుండీలు కుట్టే గదికి మార్చారు. అక్కడ అడుగుపెట్టగానే ఆమె అడిగిన మాట మా దాకా వినిపించింది.

"ఈ కిటికీలెవరు మూసేశారు?"