పిలుపు పలకని పన్ను

కరోనా తగ్గిన మరుసటి ఏడాది. మార్కాపురంలో ఒక పళ్ల డాక్టరు గారి క్లినిక్ వెనక గదిలో నా సిరామిక్ ల్యాబ్. విరిగిన పళ్ల మీద తొడిగే క్రౌన్లు, జనం క్యాపులనేవి, అక్కడే తయారుచేస్తాను.

పుల్లలచెరువు వైపు నుంచి గొర్రెలు కాచే ఓబులేసు మామ వచ్చాడు. పై దవడ పన్ను సగం విరిగింది. మాది దుకాణాల కుటుంబం; సరుకు విప్పకముందే పొగడటం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. షేడ్ గైడ్, అంటే రంగు సరిపోల్చే నమూనా పళ్ల పట్టీ, ఆయన నోటి దగ్గర పెట్టి బేరం మొదలుపెట్టాను.

"మన బోరు నీళ్లకు పళ్ల మీద పడే గోధుమ చార కూడా అచ్చం దించుతా మామా. మీ ఇంటామె కూడా కనిపెట్టలేదు."

"ఆమె నా నోట్లోకి యాడ తొంగిచూస్తది గానీ, పిలుపు వస్తదా అల్లుడా?"

నాలుక పక్కను దవడ పళ్లకు అదిమి లాగితే వచ్చే 'టక్' అనే చప్పుడుతో ఆయన మందను పిలుస్తాడట. పన్ను విరిగాక అది రావడం లేదు.

"కేకలేస్తే బెదురుతున్నాయి. ఇదివరకు మంద నా ఎనక వచ్చేది. ఇప్పుడు నేనే మంద ఎనక పోతన్నా."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

క్రౌన్ ముచ్చటగా వచ్చింది. చార, గుంటల్లో మరకలు, అన్నీ దిగాయి. ట్రై-ఇన్‌కు, అంటే అంటించే ముందు పెట్టి చూడటానికి, మామను రమ్మన్నాం. పన్ను పెట్టాక గోడవైపు తిరిగి 'టక్' మనిపించబోయాడు. తుస్సుమంది.

"చూసేదానికి బాగుంది. పలకటంలా."

"నాలుకకు అలవాటు కావాలి మామా."

"ఏంది, సరిపోని చెప్పులు అంటగట్టినట్ల చెప్తన్నావు?"

ఇంత బేరగాణ్ణీ బేరం పక్కనపెట్టి నోటి అద్దం అందుకున్నాను. అవతలి వైపు పన్ను చూస్తే లోపలి గోడ అరిగి చదునుగా ఉంది. నాదేమో పుస్తకంలో బొమ్మలా ఉబ్బుగా ఉంది. ముసలి నోట్లో పడుచు పన్ను పెట్టాను. ఆ అరుగుదలకు తగ్గట్టు తగ్గించి, నునుపు చేసి ఇచ్చాను. డాక్టరు గారు తాత్కాలిక సిమెంటుతో అంటించారు.

"ఇప్పుడు పిలువు మామా, వింటాను."

"గొర్రెల్లేకుండా ఎవర్ని పిలిచేది? నిన్నా?"

పన్ను గట్టిగా అంటించుకోవడానికి మళ్లీ వచ్చినప్పుడు, పిలుపు వస్తోందా అని అడిగాను.

"గొర్రెపిల్లలు నా వైపు తిరిగినాయి. ముసలి గొర్రె ఒకటుంది. తలెత్తి చూసి, మళ్లా మేతలో పడింది. నేను కాదనుకున్నట్టుంది."

"ఇంకోసారి సరిచేద్దామా?"

"వద్దులే. రోజూ పిలుస్తా ఉంటా. ఎప్పుడో ఒకసారి అదీ వస్తది."

ఆయన పన్ను బాగున్న రోజుల్లో ఆ చప్పుడు ఒక్కసారి విని ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. ఇప్పుడు ఎవరొచ్చినా, రంగు చూడకముందు ఆ పన్నుతో ఏం చేసేవారో అడుగుతాను. చాలామంది వెంటనే చెప్పరు. నాలుకతో ఆ చోటు తడుముకుని, అప్పుడు చెబుతారు.