స్తంభం పక్కన మా మరదలు

పోయిన నెలలో మా మరదలు పోయింది. పొద్దున్నే వాకిట్లో ముగ్గు వేసి గుమ్మంలో కూర్చుంది, మరి లేవలేదు. గుండె ఆగిపోయిందన్నారు. "కూకున్నది కూకున్నట్టే ఎల్లిపోనాది అప్పా" అని మా తమ్ముడు ఏడుస్తుంటే, తను కూర్చోలేకపోయిన రోజులు నాకు గుర్తొచ్చాయి.

వన్ టౌన్‌లో మా వీధి రామమందిరంలో శనివారాలు భజన. అందరం చాప మీద కూర్చుంటే తను మాత్రం స్తంభం పక్కన నిలబడే పాడేది. ఏదో మొక్కు అనుకున్నారు. కొందరు కాళ్ళకి దణ్ణం కూడా పెట్టేవారు. ఇంట్లో కారం మానేసింది, ఎండు చేపలు మానేసింది. హార్బరులో క్రేను నడిపే మా తమ్ముడు, "దీనికి భక్తి ముదిరిపోనాది అప్పా. రేపో మాపో నన్నొగ్గేసి సన్నాసుల్లో కలిసిపోద్ది" అని నవ్వేవాడు. తను నవ్వేది కాదు.

ఒక శనివారం హారతి వేళ కళ్ళు తిరిగి పడిపోయింది. అమ్మవారు పూనిందన్నారు. పసుపు నీళ్ళు చల్లారు, వేపమండలకి పరిగెత్తారు. లేవదీస్తుంటే చీర వెనక రక్తం నా కంటబడింది. శాలువా చుట్టి ఇంటికి తీసుకొచ్చాను.

"మొలలు వదినా. రెండో కానుపు కాడినుంచీ. సచ్చిపోయినా మగడాక్టరుకి సూపించను."

చిన్నప్పుడు వాళ్ళ నాన్నకి ఆ కోత అయింది. దొడ్లోంచి ఆయన పెట్టిన కేకలు ఇంకా తన చెవుల్లోనే ఉన్నాయి. కానీ తన ముఖం సున్నంలా పాలిపోయింది. ఇలాగే వదిలేస్తే మనిషి దక్కదు. దేవుడికి దణ్ణం పెట్టుకుని, మర్నాడు చెయ్యి పట్టుకుని ఆడ డాక్టరున్న ఆసుపత్రికి తీసుకెళ్ళాను.

ముందు రక్తం ఎక్కించాలన్నారు డాక్టరుగారు. కత్తి భయం సంగతి విని, మద్రాసులో లేజరని కొత్త మిషను వచ్చిందనీ, వెలుగుతో కోస్తారనీ, రక్తం తక్కువ పోతుందనీ చెప్పారు. "నొప్పి అసలుండదని మాత్రం అననమ్మా."

"ఎలుతురుతో కోత్తారా?" నా వైపు తిరిగింది. "నువ్వు పక్కనుంటావా వదినా?"

"ఉంటాను."

సంగతి మా తమ్ముడికి చెప్పాను. రైలెక్కే రోజు మెత్తటి దూది దిండు ఒకటి చంకలో పెట్టుకొచ్చాడు.

మద్రాసులో, ఆపరేషను గది తలుపు దాకా తను నా చెయ్యి వదల్లేదు. నొప్పి ఉంది. వెచ్చటి నీళ్ళ టబ్బులో పళ్ళు బిగించుకుని కూర్చునేది. రక్తం మాత్రం ఆగింది.

తిరిగొచ్చాక భజనలో వచ్చి చాప మీద కూర్చుంది. ఒక పెద్దావిడ, "ఏటే, మొక్కు తీరిపోనాదా?" అంది.

"మొక్కేటి అత్తా! మొలలు. మద్రాసులో కోయించుకొచ్చినాను."

తాళాలు ఆగిపోయాయి.

"రాముడి కాడ ఏటే ఆ మాటలు!"

"ఆయనకి తెలీదేటి? మీకే తెలీదు."

ఆ తర్వాత ఆడవాళ్ళు ఒక్కొక్కరే తన వంటింటి వైపు రావడం మొదలైంది. అందరికీ లేజరు అక్కర్లేదనీ, మందుతోనే తగ్గేవీ ఉంటాయనీ, ముందు డాక్టరుకి చూపించమనీ చెప్పేది. కొందరికి తోడు వెళ్ళేది. "రోగానికి లేని సిగ్గు మనకెందుకు వదినా" అనేది. భజనలో ఎవరైనా నిలబడి కనిపిస్తే చాలు, దగ్గరికెళ్ళి మెల్లగా అడిగేది, "ఏటమ్మా, మొక్కా?" అని.

మైల తీరాక నిన్ననే మళ్ళీ భజనకి వెళ్ళాను. చాప మీద తన చోటు వదిలి కూర్చున్నారు అందరూ. స్తంభం పక్కన చంటిబిడ్డను ఎత్తుకుని ఎవరో కొత్త అమ్మాయి, భజన అయ్యేదాకా నిలబడే ఉంది.

హారతి కళ్ళకద్దుకుని లేచాను. వెళ్ళి ఆ పిల్ల పక్కన నిలబడ్డాను.

"ఏటమ్మా, మొక్కా?"

తల దించుకుంది. బిడ్డను ఇటివ్వమని చేతులు చాపాను.