ఎడమచేతి కోడి

ఆ వాయిస్ మెసేజ్ వచ్చినప్పుడు నేను పిల్లల స్కూలు డ్రెస్సులు ఇస్త్రీ చేస్తున్నాను. శనివారం మధ్యాహ్నం. ఫోను బల్ల మీదే ఉంచి ఒక వేలితో నొక్కాను. కుట్టుపని గుంపులో పరిచయమైన కాగజ్‌నగర్ అక్క గొంతు.

“చెల్లె, బొంత మస్తుగొచ్చింది. జర ఆ కోడిబొమ్మ దగ్గరికెళ్లి ఇంకో ఫోటో తీసి పెట్టవా? అది మా అవ్వ కుట్టింది. నా కోడేది, నా కోడేది అని పొద్దటిసంది సతాయిస్తుంది.”

అవ్వ అంటే ఆమె తల్లి. ఆ క్షణం దాకా ఆ కోడిని అక్కే కుట్టిందని అనుకుంటున్నాను. ఇస్త్రీ పెట్టె మా అమ్మాయి చొక్కా కాలర్ మీద ఆగిపోయింది. బట్ట మాడిన వాసన వచ్చాక గాని తీయలేదు. కాలర్ మీద గోధుమరంగు మరక పడింది. దాన్ని చూస్తూ నిలబడ్డాను కాని, నా భయం ఆ చొక్కా గురించి కాదు.

ఆ ఫోటోలో ఉన్న కోడి వాళ్ల అవ్వ కుట్టింది కాదు. గుడ్డ ఆమెదే. కుట్టు నాది.

మాదొక బొంతల గుంపు. కరీంనగర్, మంథని, బెల్లంపల్లి, కాగజ్‌నగర్, ఆదిలాబాద్‌లలో ఉండే నలభై మంది దాకా ఆడవాళ్లం. కప్పుకునే బొంతలు కాదు మేం కుట్టేవి, గోడకు వేలాడదీసే బొమ్మల బొంతలు. పాత చీరలు, పంచెలు, లుంగీలు కత్తిరించి ఎవరికి తోచిన బొమ్మ వాళ్లు అతికిస్తాం. ఫోటోలు ఫోన్లో పంచుకుంటాం. ఏడాదికి ఒకటి మాత్రం వీలైనవాళ్లం కలిసి కుడతాం. తలా ఒక ముక్క మీద బొమ్మ కుట్టి బస్సు పార్సిల్‌లో ఒకచోటికి పంపితే, అక్కడి మనిషి ఆ ముక్కలన్నీ కలిపి, లోపల పాత చీరల పొరలు పరిచి, అంతటా కుట్లు వేసి ఒక్క బొంత చేస్తుంది. ఈసారి ఆ కలిపే పని నాకిచ్చారు. రేపటిది కాక ఆ పై ఆదివారం మంచిర్యాలలో అందరం కలిసి ఆ బొంతను విప్పి చూసుకోవాలి.

నాకే ఎందుకిచ్చారంటే నా కుట్టు సన్నగా, వరసగా ఉంటుందని. “నీది చేతికుట్టా, ప్రింటా?” అని బెల్లంపల్లి టీచరమ్మ ఒకసారి రాసింది. ఆ మాటను నేను ఎన్నిసార్లు తీసి చదువుకున్నానో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఎమ్మెస్సీ చదివాను. రెండో వాడు పుట్టాక కాలేజీలో పాఠం చెప్పే ఉద్యోగం మానేశాను. ఇంట్లో చేసే పనిని ఎవరూ బాగుందని అనరు, బాగా లేనప్పుడే అంటారు. గుంపులో మాత్రం నా పేరుకు ఒక కుట్టు ఉంది. అది నాకు చాలా పెద్ద సంగతి అయిపోయింది.

పన్నెండు ముక్కలు వచ్చాయి. పదకొండు బాగున్నాయి. పన్నెండోది కాగజ్‌నగర్ నుంచి. ఆకుపచ్చ చీర కొంగులోంచి కత్తిరించిన కోడి. ఒక కాలు పొడుగు, ఒక కాలు పొట్టి. తోక ఎటో వంగింది. కుట్లు చీమలబారును ఎవరో చేత్తో చెదరగొట్టినట్టున్నాయి. కన్ను ఉండాల్సిన చోట కాక మెడ దగ్గర ఉంది. అక్క తొందరలో ఎలాగో అలా కుట్టి పడేసిందనుకున్నాను. కోపం కూడా వచ్చింది. ఇది నేను కలిపిన బొంత అని అందరూ చూస్తారు, ఏ ముక్క ఎవరిదో ఎవరికి గుర్తుంటుంది, ఈ వంకర నా వంకరే అనుకుంటారని భయమేసింది. నేను భయస్తురాలిని. గ్యాస్ కట్టేశానో లేదో మూడుసార్లు చూసి గాని తలుపు తాళం వేయను. ఆ ముక్కను పక్కన పెట్టి రెండు రోజులు తిరిగాను. మూడో రోజు బ్లేడు తెచ్చుకుని కూర్చున్నాను.

మా గుంపులో ఒక నియమం ఉంది. కలిపే మనిషి కలపాలి, దిద్దకూడదు. బెల్లంపల్లి టీచరమ్మ చెప్పగా పెట్టుకున్నాం. వాళ్ల బొగ్గుగని క్వార్టర్లలో ఆడవాళ్లు బొంత చుట్టూ నాలుగు దిక్కులా కూర్చుని కుట్టేవాళ్లట. ఎవరి దిక్కు వాళ్లే కుట్టాలి. పక్కామె కుట్టు వంకరపోతే నవ్వొచ్చు, ఆటపట్టించొచ్చు, విప్పడం మాత్రం లేదు. కుట్టు చూస్తే ఆ దిక్కున ఎవరు కూర్చున్నారో పదేళ్ల తర్వాత కూడా తెలియాలి. ఆ మాటలను చక్కటి తెలుగులో గుంపు మొదటి పేజీలో టైపు చేసి పెట్టింది నేనే.

విప్పుతున్నప్పుడు మా అమ్మాయి పక్కనే కూర్చుని హోంవర్కు చేసుకుంటోంది. దానికి ఎనిమిదేళ్లు. “కోడి మంచిగనే ఉంది గదా అమ్మా, గమ్మత్తుగ ఉంది,” అంది. “నీకు తెలియదు, రాసుకో,” అన్నాను. ఆ కుట్లు ఊరికే రాలేదు. ఒక బ్లేడు మొండిదైతే రెండోది తీశాను. తర్వాత అదే ఆకుపచ్చ గుడ్డకు రెండు కాళ్లూ సమంగా కత్తిరించి, కన్ను కన్ను ఉండే చోట పెట్టి, నా కుట్టుతో అతికించాను. శనివారం పొద్దున బొంత మొత్తం ఫోటో తీసి గుంపులో పెట్టాను. పొగడ్తలే పొగడ్తలు. మధ్యాహ్నానికి అక్క గొంతు వచ్చింది.

నేను జవాబు టైపు చేశాను. “రేపు పెడ్తా అక్కా, ఇప్పుడు వెలుతురు లేదు.” టైం మూడు కూడా కాలేదు. ఎండ కిటికీ నిండా ఉంది.

అయిదు నిమిషాల్లో ఫోను మోగింది. స్పీకర్ నొక్కి మంచం మీద పెట్టాను.

“ఏందే, ఎండ మండిపోతుంటే వెలుతురు లేదంటున్నవ్? కరీంనగర్ల సూర్యుడు గూడ సెలవు పెట్టిండా?” అక్క నవ్వుతోంది. “నీతోని గాదు గని, ఈడ మా అవ్వతోని పెద్ద పంచాయితీ అయితుంది. ఫోటో పెద్దగ జేసి చూసి, ఇది నా కోడి గాదు అంటుంది. నా కోడి కుంటిది, ఇది సక్కగ నిలబడ్డది అంటుంది. నీదే అవ్వా, ఫోటోల గట్లనే కనిపిస్తదని నేను కొట్లాడుతున్న.”

అక్కే చెప్పుకుపోయింది. ఏడాది కింద అవ్వకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయిందట. “ఎడమచేత్తోని చెంచ పట్టుడు నేర్చుకునుటానికే మూడు నెలలు వట్టింది. సూది పడ్తనంటే వద్దని ఎంత జెప్పినా ఇనలే. గుడ్డను మోకాలు కింద తొక్కిపెట్టి, ఒక్క చేత్తోని కుట్టింది చెల్లె. గా ఒక్క కోడికి రెండు నెలలు. చెయ్యి పడ్డంక ఆమె పూర్తిజేసిన పని అదొక్కటే.”

అప్పుడే నిజం చెప్పి ఉండాల్సింది. నోట్లోంచి వచ్చింది వేరే మాట.

“అక్కా, అది పార్సిల్ల వచ్చేటాళ్లకే ఊడిపోయింది. బస్సుల నలిగిందో ఏమో. ఊడితే నేనే మళ్ల కుట్టిన.”

“ఊడలే గదా అమ్మా,” అంది మా అమ్మాయి పక్కనుంచి, స్పష్టంగా, పాఠం అప్పజెప్పినట్టు. “నువ్వే బ్లేడుతోని...”

దాని నోరు మూశాను. మెల్లగా కాదు, గట్టిగా, అరచేత్తో. అది నా చేతి మీదుగా నన్ను చూసింది.

అక్కకు వినిపించలేదు. ఆమె అప్పటికే అటు తిరిగి తల్లికి చెబుతోంది. “అవ్వా, నువ్వన్నదే నిజం. నీ కోడి బస్సుల ఊడిందట. చెల్లె మళ్ల కుట్టిందట.”

దూరం నుంచి ముసలి గొంతు, మాట కొంచెం ముద్దగా. “బస్సేం జేస్తది బిడ్డా. నా కుట్టే గట్టిగ లేకుండె. ఎడమచెయ్యి ఎడమచెయ్యేనాయె. ఇగ చాలు తీయ్. ఆ సూదిడబ్బ ఎవలకన్న ఇచ్చెయ్.”

“గట్లనకు అవ్వా,” అంది అక్క. తర్వాత నాతో, “మళ్ల జేస్త చెల్లె, ఈమె మొఖం పక్కకు తిప్పుకున్నది,” అని పెట్టేసింది.

నా అబద్ధం బస్సు మీద పడుతుందనుకున్నాను. ఆమె మీద పడింది.

అప్పుడైనా ఫోను చేయలేదు. నేను చేసింది ఇంకా నీచమైన పని. బొంత పరిచి, నా కుట్టు విప్పి, పాత కోడిని మళ్లీ తయారు చేయబోయాను. కాళ్ల నుంచి కత్తిరించి తీసిన ముక్కలు చెత్తబుట్టలో కాక గుడ్డపేలికల సంచిలో దొరికాయి. బట్ట మీద ఆమె సూది దిగిన చిల్లులు ఇంకా కనిపిస్తున్నాయి. ఆ చిల్లుల్లోంచే మళ్లీ దారం పోనిస్తే, ఊడలేదు, కొంచెమే వదులైందని చెప్పి, దగ్గరి ఫోటో పెట్టొచ్చనుకున్నాను. కుడిచేత్తో కుడితే ఎంత వంకరగా పోనిచ్చినా అది నా కుట్టులాగే ఉంది. సూదిని ఎడమచేతికి మార్చాను.

గుడ్డ మోకాలు కింద పెట్టుకున్నాను. సూది ఎక్కడ దిగుతుందో, ఎక్కడ తేలుతుందో నా చేతిలో లేదు. దారం లాగాలంటే సూదిని వదలాలి, వదిలితే అది జారిపోతుంది. గంటసేపట్లో ఏడు కుట్లు వేశాను. మోకాలి పక్కన రెండు చోట్ల గుచ్చుకుంది. అప్పుడు గమనించాను. ప్రతి కుట్టు దగ్గరా చిల్లులు రెండేసి ఉన్నాయి. ఆమె ప్రతి కుట్టునూ వెనక్కి వచ్చి మళ్లీ ఒకసారి వేసింది. తన చెయ్యి మీద నమ్మకం లేక, ఊడకూడదని. అందుకే నాకు రెండు బ్లేడ్లు పట్టాయి.

మా అమ్మాయి గుమ్మంలో నిలబడి ఉంది. లోపలికి రాలేదు. దాని వెనకనుంచి అయిదేళ్ల తమ్ముడు తల పెట్టి, “అమ్మ ఎడమచేత్తోని ఎందుకు కుడుతుందే?” అని అడిగాడు. “నాకు తెల్వదు. నన్ను మాట్లాడద్దన్నది,” అంది అది.

సూది తీసేశాను. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు అక్కకు ఫోను చేశాను.

మొత్తం చెప్పాను. వచ్చినప్పుడు ముక్క చెక్కుచెదరకుండా ఉందని, నచ్చక నేనే విప్పానని, ఊడిందని అబద్ధం చెప్పానని. ఎడమచేత్తో దొంగకుట్టు వేయబోయిన సంగతి కూడా.

“ఎవరి ముక్క వాళ్లది, దిద్దద్దు అని టైపు జేసింది నువ్వే గద,” అంది అక్క. “కుంటికోడి పంపితే నలుగురు నవ్వుతరేమో బిడ్డా అని అవ్వ పరేషానైతే, నీ మెసేజే చదివి ఇనిపిచ్చిన. ఎవ్వరు ముట్టరవ్వా, రాసి పెట్టిన్రు అన్న. గది ఇన్నంకనే పంపుమన్నది.”

“అక్కా...”

“నాకు జెప్పకు. ఆమెకు జెప్పు.” ఫోను చేతులు మారిన చప్పుడు.

“అవ్వా, మీ కుట్టు ఊడలే,” అన్నాను. “నేనే విప్పిన.”

“ఊడలేదా?”

“లేదవ్వా. బ్లేడు పెట్టి కోసిన.”

“ఒక్క బ్లేడేనా?”

“రెండు. ఒకటి మొండి అయింది.”

“విన్నవా బిడ్డా?” ఆమె గొంతు పెరిగింది, నాతో కాదు, కూతురితో. “రెండు బ్లేడ్లంట! ఆ సూదిడబ్బ ఎవలకు ఇయ్యకు.” తర్వాత నాతో అడిగింది, కోపం లేకుండా, తెలుసుకోవాలని అడిగినట్టు. “నీకేం అంత బాగనిపియ్యలేదా అది?”

“అందరు నా కుట్టనుకుంటరని భయపడ్డ అవ్వా.”

“నా కుట్టు నీదనుకుంటే నీకు సిగ్గాయె.”

“అవునవ్వా.” ఈసారి చిన్న అబద్ధం కూడా దొరకలేదు.

“గుడ్డ పంపు. చిల్లులున్నయి గద, దారి నాకు తెలుస్తది. నువ్వు మాత్రం సూది వెట్టకు.”

అక్క మళ్లీ ఫోను తీసుకుంది. “వారంల కాదు అది. మంచిర్యాలకు ఆ గడి ఖాళీగనే పట్టుకరా. ఎందుకు ఖాళీ అని అడిగితే నువ్వే చెప్పు,” అంది. “అవ్వ నవ్వుతుంది గని, నాకు నవ్వొస్తలే చెల్లె.” ఫోను పెట్టేసింది.

మంచిర్యాల దాకా ఆగితే నాకు మళ్లీ ఏదో ఒక మాట దొరుకుతుందని నాకు తెలుసు. అందుకే గుంపులో వెంటనే రాశాను. నాలుగే వాక్యాలు. రాసినంతసేపూ నన్ను నేను కాపాడుకునే మాట ఒకటి వేళ్ల కింద తయారవుతూనే ఉంది. మూడుసార్లు కొట్టేసి పంపాను. చాలామంది చూశారు. ఎవరూ ఏమీ రాయలేదు. చివరికి బెల్లంపల్లి టీచరమ్మ ఒక్కతే, “పొద్దున ఫోటోకు నేను మెచ్చుకున్నది వాపస్ తీసుకుంటున్న,” అని రాసింది. అది హాస్యమో, నిజంగానే అన్నదో ఇప్పటికీ తెలియదు. అడిగే ధైర్యం లేదు.

ఇది రాసుకుంటున్న గదిలోనే, గోడకు ఆనించి, కోడి ముక్క తీసేసిన చోట ఖాళీ గడితో ఆ బొంత మడిచి ఉంది.

మర్నాడు ఆదివారం. పిల్లలిద్దరూ అటుకులు తింటున్నారు. మా అమ్మాయి రాత్రి నుంచి నాతో సరిగా మాట్లాడడం లేదు. అడిగినదానికి తలే ఊపుతోంది. నేను వాళ్ల ఎదురుగా కింద కూర్చున్నాను.

“నిన్న నువ్వు చెప్పిందే నిజం,” అన్నాను దాంతో. “కోడి ఊడలే. నేనే కోసిన. మంచిగ లేదని, నా పరువు పోతదని కోసిన. తర్వాత అబద్ధం చెప్పిన. నువ్వు నిజం చెప్తుంటే నీ నోరు మూసిన. అది కోసినదానికంటె తప్పు. ఇగ ఎవరడిగినా నువ్వు చూసిందే చెప్పు. నేను పక్కనుంటె గూడ చెప్పు.”

అది చెంచాతో అటుకులు కలుపుతూ ఆలోచించింది.

“స్కూల్ల గూడ చెప్పాల్నా?”

“అడిగితే చెప్పు.”

“ఎవరడుగుతరు అమ్మా,” అంది, కాస్త జాలిగా.